వంకాయ, మిరపకాయ మీ ఒంటికి సరిపడుతున్నాయా?

“మిరపకాయ మానేస్తే కీళ్ళనొప్పులు పోతాయట, నిజమేనా?” “వంకాయ కూర తిన్ననాడు ఒంటికి దురద, మనసుకు చిరాకు. ఎందుకని?” గుంటూరు, ప్రకాశం ప్రాంతాల గృహస్థులు ఇటువంటి ప్రశ్నలు తరచుగా వేస్తుంటారు. వంకాయ, మిరప, టమాటా, బంగాళాదుంప ఒకే కుటుంబానికి చెందినవనీ, ఆ కుటుంబమంతా ఆరోగ్యానికి శత్రువనీ ఒక ప్రచారం ఉన్నది. ఇందులో కొంత సత్యం, కొంత అతిశయోక్తి కలిసి ఉన్నాయి. ఈ ప్రచారాన్ని పూర్తిగా నమ్మినవారు మంచి కూరలన్నీ మాని నీరసించిపోతారు. పూర్తిగా కొట్టివేసినవారు తమకు సరిపడని పదార్థాన్ని రోజూ తింటూ, పైన మందులు మ్రింగుతూ ఉంటారు. కనుక సత్యమెంతో తెలుసుకొనడం అవసరం.

మన పొలాలలోని కుటుంబం

వృక్షశాస్త్రజ్ఞులు ఈ కుటుంబాన్ని సొలనేసి అంటారు. పల్నాటి నల్లరేగడిలో పండే మిరప ఈ కుటుంబానిదే. ఒంగోలు, కొండపి, పొదిలి పొలాలలోని పొగాకూ దీనిదే. పొగాకు బోర్డు 1976లో గుంటూరు కేంద్రంగానే ఏర్పడింది. మిరప పక్కనే పండే పత్తి మాత్రం వేరే కుటుంబం. బెండ, గోంగూర ఆ పత్తికి బంధువులు.

మిరప మన దేశానికి పోర్చుగీసువారి రాకతో, అనగా 1498 తరువాత వచ్చింది. బంగాళాదుంప, టమాటాలు కూడా అమెరికా ఖండం నుంచి వచ్చినవే. అందుచేత చరక, సుశ్రుత సంహితలలో ఈ మూడింటి ప్రసక్తి లేదు. వంకాయ మాత్రం వార్తాకమనే పేరుతో మన ప్రాచీనులకు సుపరిచితం.

ఇక్కడ మరొక విషయం గమనించాలి. దశమూలాలలోని బృహతి, కంటకారి అనగా ములక, వాకుడు ఈ కుటుంబానివే. బలానికీ నిద్రకూ వాడే అశ్వగంధ, మన పెన్నేరు, ఈ కుటుంబానిదే. విషమైన ఉమ్మెత్తా ఇందులోదే. ఒకే ఇంటిలో ఔషధం, ఆహారం, విషం మూడూ ఉన్నప్పుడు కుటుంబం పేరు చూసి మంచిచెడ్డలు నిర్ణయించడం శాస్త్రసమ్మతం కాదు.

సాత్మ్యం, అసాత్మ్యం

ఒక ద్రవ్యం ఒక దేహానికి హాయిగా ఒదిగితే దానిని సాత్మ్యమనీ, ఒదగకపోతే అసాత్మ్యమనీ ఆయుర్వేదం చెబుతుంది. అలవాటు వలన కలిగేది ఓకసాత్మ్యం. తరతరాలుగా గొడ్డుకారం తిన్నవారికి సుఖంగా జీర్ణమయ్యే పచ్చడి, పిత్తప్రకృతి గలవారికి గుండెల్లో మంట పుట్టించవచ్చు. దోషం పచ్చడిలోనూ లేదు, మనిషిలోనూ లేదు. ఆ రెండింటి పొందికలో ఉన్నది.

దేహంపై ప్రభావం

మిరపలోని ఘాటు పదార్థం కాప్సైసిన్. ఇది గింజలలో కంటే, గింజలు అంటిపెట్టుకొని ఉండే తెల్లని భాగంలో అధికం. వేడిని గ్రహించే నాడీద్వారాలనే ఇదీ తెరుస్తుంది. అందువలననే కాలకపోయినా కాలినట్లు అనిపిస్తుంది. ఈ రహస్యాన్ని వెలికితీసిన డేవిడ్ జూలియస్ 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతిని మరొక శాస్త్రవేత్తతో కలిసి అందుకున్నారు. మిరపకాయల తొడిమలు తీసే స్త్రీలకు వచ్చే దగ్గు, తుమ్ములు, కళ్ళమంట ఎక్కువగా ఈ ఘాటు వలన కలిగేవే. అవి అందరికీ వస్తాయి. వాటిని ఎలర్జీ అని భ్రమపడరాదు. అయితే ఆయాసం, పిల్లికూతలు వస్తే ఉపేక్షించరాదు.

అమ్లపిత్తం ఉన్నవారికి కారం, టమాటా పులుపు మంటను పెంచవచ్చు. పేగులు సున్నితమైనవారికి కడుపునొప్పి, విరేచనాలు కలుగవచ్చు. వంకాయ తిన్నంతనే కొందరికి నోరు, ఒళ్ళు దురద పెడతాయి. బంగాళాదుంపలో సొలనిన్ అనే విషం స్వల్పంగా ఉంటుంది. దుంప పచ్చబడినా, మొలకెత్తినా అది పెరుగుతుంది, వండినా పోదు. వాంతులు, తలనొప్పి, తీవ్రమైనప్పుడు మతిభ్రమ కలిగిస్తుంది. అటువంటి దుంపలను పారవేయడమే మంచిది.

కీళ్ళనొప్పుల మాట ఏమిటి? ఈ కూరలు అందరిలోనూ కీళ్ళవాతం పుట్టిస్తాయనడానికి నేటివరకు గట్టి ఆధారం లేదు. పైగా ఆ కాప్సైసిన్‌తోనే కీళ్ళనొప్పులకు పైపూత మందులు తయారవుతున్నాయి. అయినా కొందరు వ్యక్తులు ఇవి మానినప్పుడు తమకు ఉపశమనం కలిగిందని చెబుతారు. అది వారి వరకు నిజం కావచ్చు, పరీక్షించి తేల్చుకోవాలి.

మనసుపై ప్రభావం

కటు, అమ్ల, లవణ రసాలు మితిమీరితే రజోగుణం ప్రకోపిస్తుందని పెద్దలు చెబుతారు. దీనిని ఇంటి అనుభవంతో పోల్చి చూడండి. రాత్రి పొద్దుపోయి కారపు భోజనం చేసి పడుకుంటే పుల్లని త్రేన్పులు గొంతులోకి ఎగదన్నుతాయి. నిద్ర చెడుతుంది. నిద్ర చెడిన మనిషికి మరునాడు విసుగు, కోపం, మతిమరపు తప్పవు. ఇది నెలల తరబడి సాగితే దిగులూ తోడవుతుంది. అంటే చాలామందిలో మనసుకు హాని నేరుగా మిరపకాయ వలన గాక, చెడిన నిద్ర ద్వారా కలుగుతుంది. “ఏది తిన్నా పడదేమో” అన్న భయం కూడా ఒక వ్యాధే. అది కూడా కడుపును పాడుచేస్తుంది.

ఇంట చేసుకోదగిన పరీక్ష

1. మొదటి వారం ఏమీ మానకండి. తిన్నది, తిన్న వేళ, మంట, దురద, నొప్పి, నిద్ర, మనఃస్థితి ఒక నోటుపుస్తకంలో వ్రాయండి.

2. రెండవ వారం ఈ నాలుగు పదార్థాలను నాలుగవవంతు చొప్పున తగ్గిస్తూ రండి. అలవాటైనదానిని ఒక్కసారిగా మానరాదనీ, అంశాలవారీగా విడవాలనీ చరకుని ఉపదేశం.

3. తరువాత మూడు వారాలు పూర్తిగా మానండి. ఊరగాయలు, కారప్పొడులు, హోటలు సాంబారు, టమాటా సాసు కూడా లెక్కలోకి వస్తాయి.

4. ఆపైన ఒక్కొక్కటి తిరిగి చేర్చండి. మూడు రోజులు కొద్దికొద్దిగా తిని, నాలుగు రోజులు ఆగి, మరొకటి మొదలుపెట్టండి. ఏది చేర్చినప్పుడు బాధ తిరిగి వచ్చిందో దానినే మరొకమారు పరీక్షించండి. రెండుసార్లూ బాధ వస్తేనే దానిని మానండి. మిగిలినవి నిశ్చింతగా తినండి.

గర్భిణులు, బాలింతలు, పిల్లలు, మధుమేహానికి మందులు వాడేవారు వైద్యుని సలహా లేకుండా ఈ పరీక్ష చేయరాదు. లోగడ పెదవులు వాచడం, ఊపిరాడకపోవడం జరిగినవారు ఇంట అసలే చేయరాదు.

బదులు ఏమి తినాలి?

మిరియాలు, శొంఠి ఈ కుటుంబానివి కావు. ధనియాలు 4 పాళ్ళు, జీలకర్ర 2 పాళ్ళు, మిరియాలు 1 పాలు దోరగా వేయించి పొడిచేసి కూరలలో కారానికి బదులు వాడవచ్చు. మంట ఉన్నవారు మిరియాలు ఇంకా తగ్గించాలి. వంకాయకు బదులు బీర, సొర, పొట్ల, బెండ ఉన్నాయి. బంగాళాదుంపకు బదులు కంద, చిలగడదుంప తినవచ్చు. పప్పులో టమాటాకు బదులు ఉసిరికాయ వేయవచ్చు. కారం పూర్తిగా మానలేనివారు కాయలోని తెల్లని భాగం తీసివేసి, మొదటి ముద్దలో నెయ్యి కలుపుకోవాలి.

కడుపులో మంటకు రెండు చెంచాల ధనియాలు నలగగొట్టి, గ్లాసెడు నీటిలో రాత్రి నానవేసి, ఉదయం వడగట్టి త్రాగాలి. మధుమేహం లేనివారు కొద్దిగా పటికబెల్లం చేర్చుకోవచ్చు. ఈ కుటుంబపు కూరలు సరిపడనివారు అశ్వగంధ లేహ్యాలు, చూర్ణాలు వాడేముందు ఆ సంగతి తమ వైద్యునికి చెప్పాలి.

వైద్యుని వద్దకు ఎప్పుడు?

తిన్నంతనే పెదవులు, నాలుక వాచి ఊపిరి ఆడకపోతే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి. మలం నల్లగా రావడం, రక్తపు వాంతి అయినా అంతే. మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం ఇంటివైద్యంతో సరిపెట్టుకొనదగినవి కావు. ఉదయం లేచాక గంటసేపు కీళ్ళు బిగుసుకొని వాపు ఉంటే అది ఆమవాతం కావచ్చు. ఆలస్యమైతే కీళ్ళు వంకరపోతాయి. వంకాయ మానివేశామని మందులు ఆపరాదు. దిగులు రెండు వారాలకు మించి నిలిచినా వైద్యుని సంప్రదించాలి.

ఈ కుటుంబంలో అందరూ మానదగినది ఒకటి తప్పక ఉన్నది. అది వంకాయ కాదు, పొగాకు. తడిసిన పొగాకు ఆకు కోసే కూలీలకు చర్మం ద్వారా నికోటిన్ ఎక్కి తలతిరుగుడు, వాంతులు వస్తాయి. ఇక కాల్చేవారి, నమిలేవారి గతి చెప్పనవసరం లేదు. చుట్ట నోట పెట్టుకొని వంకాయను నిందించే గృహస్థు ముందుగా ఆ చుట్టను పారవేయాలి.