49 శాతం ఓట్లొచ్చినా పదవి పోవచ్చు.. 20 శాతంతోనే గవర్నర్ కావచ్చు! కాలిఫోర్నియా రీకాల్ ఎన్నికలో అసలు మెలిక ఇదే

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఇవాళ (సెప్టెంబర్ 14, 2021) పోలింగ్. ఇది అధ్యక్ష ఎన్నిక కాదు, మామూలు గవర్నర్ ఎన్నిక కూడా కాదు. 2018లో దాదాపు 62 శాతం ఓట్లతో గెలిచిన గవర్నర్ గావిన్ న్యూసమ్‌ను గడువు తీరకముందే దించేయాలా, వద్దా అని ఓటర్లనే అడుగుతున్నారు. దీన్నే రీకాల్ ఎన్నిక అంటారు.

అక్కడి గవర్నర్ అంటే మన రాజ్‌భవన్‌లో ఉండే గవర్నర్ లాంటి పదవి కాదు. జనం నేరుగా ఓటేసి ఎన్నుకుంటారు. రాష్ట్ర పాలన ఆయన చేతిలోనే ఉంటుంది. మన ముఖ్యమంత్రితో పోల్చుకుంటే సులువుగా అర్థమవుతుంది. అదీ చిన్న రాష్ట్రం కాదు. దాదాపు 4 కోట్ల జనాభా. ప్రత్యేక దేశంగా లెక్కేస్తే ప్రపంచంలోనే ఐదో పెద్ద ఆర్థిక వ్యవస్థ.

బ్యాలెట్‌లో రెండే ప్రశ్నలు

మొదటి ప్రశ్న: గవర్నర్‌ను తొలగించాలా? అవును లేదా కాదు అని చెప్పాలి.

రెండో ప్రశ్న: ఒకవేళ తొలగిస్తే ఆయన స్థానంలో ఎవరు రావాలి? ఇక్కడ 46 మంది పేర్లున్నాయి. వారిలో ఒక్కరిని ఎంచుకోవాలి. ఈ లిస్టులో న్యూసమ్ పేరు ఉండదు. రూల్స్ ప్రకారం ఉండకూడదు కూడా.

మొదటి ప్రశ్నకు సగానికి మించి 'అవును' అంటే న్యూసమ్ ఔట్. అప్పుడు రెండో ప్రశ్నలో ఎవరికి ఎక్కువ ఓట్లు వస్తే వాళ్లే గవర్నర్. వారికి ఇన్ని ఓట్లు రావాలన్న కనీస పరిమితి ఏమీ లేదు. మళ్లీ రెండో రౌండ్ పోలింగ్ కూడా ఉండదు.

మెలిక ఎక్కడుందంటే..

100 మంది ఓటేశారనుకుందాం. 51 మంది దించేయమన్నారు, 49 మంది వద్దన్నారు. న్యూసమ్ దిగిపోవాల్సిందే. రెండో ప్రశ్నలో 46 మందికి ఓట్లు చీలిపోయి, అందరికంటే ముందున్న అభ్యర్థికి 20 ఓట్లే వచ్చాయనుకోండి. ఆ 20 ఓట్ల అభ్యర్థే గవర్నర్. అంటే 49 మంది కావాలన్న నేత ఇంటికి, 20 మంది కావాలన్న నేత కుర్చీలోకి!

ఇది ఒక మనిషికి ఒక ఓటు అన్న సూత్రానికే విరుద్ధమని కొందరు న్యాయ నిపుణులు వాదించారు. కేసు కోర్టు దాకా వెళ్లింది. అయితే ఎన్నికను ఆపేందుకు ఫెడరల్ జడ్జి ఒప్పుకోలేదు.

దీనికి తోడు రెండో ప్రశ్నను ఖాళీగా వదిలేయమని న్యూసమ్ టీమ్ తమ మద్దతుదారులకు చెప్పింది. సొంత పార్టీ నుంచి పెద్ద లీడర్ ఎవరూ బరిలో దిగకుండా చూసుకుంది. 'రీకాల్‌కు నో చెప్పండి' అన్న ఒక్క మాటే జనంలోకి వెళ్లాలన్నది ప్లాన్. కానీ ఆ ప్లాన్ బెడిసికొడితే, తర్వాతి గవర్నర్‌ను తేల్చేది చాలావరకు అవతలి పక్షం ఓటర్లే.

2003లో ఏం జరిగింది?

కాలిఫోర్నియాలో రీకాల్ హక్కు 1911 నుంచే ఉంది. కానీ గవర్నర్ పదవి దాకా వచ్చింది ఒక్కసారే. కరెంటు సంక్షోభం, కార్ ట్యాక్స్ పెంపుతో జనంలో కోపం రగిలి 2003లో గ్రే డేవిస్ దిగిపోయారు. ఆయన స్థానంలో 'టెర్మినేటర్' హీరో ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ వచ్చారు.

అప్పుడు 135 మంది పోటీలో ఉన్నా ఈ మెలిక పెద్దగా బయటపడలేదు. డేవిస్ ఉండాలన్న ఓట్లు 40 లక్షలైతే, ఆర్నాల్డ్‌కు వచ్చినవి 42 లక్షలు. కాబట్టి లెక్క సరిపోయింది. ఈసారి ఆర్నాల్డ్ స్థాయి అభ్యర్థి ఎవరూ లేరు.

ఒకే రోజు.. ఒక తీర్పు, ఒక డిన్నర్

రీకాల్ పెట్టాలంటే గత గవర్నర్ ఎన్నికలో పోలైన ఓట్లలో 12 శాతానికి సమానమైన సంతకాలు కావాలి. అంటే 14,95,709. ఈ పిటిషన్ 2020 ఫిబ్రవరిలో, కరోనా ముదరకముందే మొదలైంది. వలస విధానం, మరణశిక్షల నిలిపివేత, పన్నులు, ఇళ్లు లేక రోడ్డున పడ్డవారి సమస్య.. ఇవీ అందులోని ఫిర్యాదులు. సంతకాలు మాత్రం అంత స్పీడుగా రాలేదు.

సీన్ మారింది 2020 నవంబర్ 6న. కరోనా ఆంక్షల వల్ల సంతకాలు సేకరించలేకపోయామని ఉద్యమకారులు కోర్టుకెళితే, జడ్జి గడువును నాలుగు నెలలు పొడిగించారు. సరిగ్గా అదే రోజు రాత్రి న్యూసమ్ నాపా వ్యాలీలోని ఫ్రెంచ్ లాండ్రీ అనే ఖరీదైన రెస్టారెంట్‌లో ఒక బర్త్‌డే డిన్నర్‌కు వెళ్లారు. నలుగురూ ఒకచోట చేరొద్దని జనానికి చెబుతూ తాను మాత్రం విందుకెళ్లిన విషయం బయటికొచ్చింది. శ్రీరంగనీతులు మాకేనా అని జనం మండిపడ్డారు. న్యూసమ్ సారీ చెప్పినా అప్పటికే ఆలస్యమైంది. గడువు ముగిసేసరికి చెల్లుబాటయ్యే సంతకాలు 17 లక్షలు దాటాయి.

ఈ ఎన్నిక ఖర్చు అంచనా 27.6 కోట్ల డాలర్లు. మన లెక్కలో సుమారు 2 వేల కోట్ల రూపాయలు. గెలిచేవారు పదవిలో ఉండేది మాత్రం 2023 జనవరి వరకే. వచ్చే ఏడాది నవంబర్‌లో మళ్లీ మామూలు గవర్నర్ ఎన్నిక ఉంది.

న్యూసమ్ ఓడితే ఎవరొస్తారు?

సర్వేల్లో ముందున్నది రిపబ్లికన్ పార్టీకి చెందిన రేడియో హోస్ట్ లారీ ఎల్డర్. మాస్కులు, వ్యాక్సిన్లు తప్పనిసరి చేస్తూ ఇచ్చిన ఆదేశాలను రద్దు చేస్తానని ఆయన చెబుతున్నారు. శాన్‌డియాగో మాజీ మేయర్ కెవిన్ ఫాల్కనర్, 2018లో న్యూసమ్ చేతిలో ఓడిన జాన్ కాక్స్ కూడా బరిలో ఉన్నారు.

అసెంబ్లీ, సెనేట్ రెండింటిలోనూ డెమోక్రాట్లదే భారీ మెజార్టీ. కాబట్టి కొత్త గవర్నర్ వచ్చినా చట్టాలను ఇష్టమొచ్చినట్టు మార్చలేరు. కానీ ఎమర్జెన్సీ ఆదేశాలు, వీటో, జడ్జిల నియామకం గవర్నర్ చేతిలోనే ఉంటాయి.

వాషింగ్టన్‌కు ఎందుకింత టెన్షన్?

అసలు కథ ఇక్కడుంది. అమెరికా సెనేట్‌లో ఇప్పుడు 50-50. ఉపాధ్యక్షురాలు కమలా హారిస్ ఓటుతోనే డెమోక్రాట్ల చేతిలో పట్టు నిలుస్తోంది. కాలిఫోర్నియా సెనేటర్ డయాన్ ఫైన్‌స్టీన్ వయసు 88 ఏళ్లు. ఏ కారణంతోనైనా ఆ సీటు ఖాళీ అయితే, అందులో ఎవరిని కూర్చోబెట్టాలో తేల్చేది గవర్నరే. కమలా హారిస్ ఖాళీ చేసిన సీటుకు అలెక్స్ పడిల్లాను ఎంపిక చేసింది న్యూసమే.

గవర్నర్ రిపబ్లికన్ అయితే, ఆ ఒక్క నియామకంతో సెనేట్ మొత్తం చేయి మారిపోవచ్చు. బైడెన్ బిల్లులు, జడ్జిల నియామకాలు అక్కడే ఆగిపోతాయి. పోలింగ్‌కు ముందు రోజు బైడెన్ స్వయంగా లాంగ్‌బీచ్ వచ్చి ప్రచారం చేశారంటే కారణం ఇదే.

కంచుకోటలో భయమెందుకు?

ఇక్కడ రిజిస్టరైన ఓటర్లలో రిపబ్లికన్ల కంటే డెమోక్రాట్లు దాదాపు రెట్టింపు. అయినా జులై నెలాఖరులో యూసీ బర్క్లీ సర్వే డెమోక్రాట్లకు నిద్ర లేకుండా చేసింది. ఓటేసే అవకాశమున్నవారిలో దించొద్దన్నవారు 50 శాతం, దించాలన్నవారు 47 శాతం. కారణం సింపుల్. కోపంగా ఉన్నవారు తప్పకుండా ఓటేస్తారు, ఎలాగూ గెలుస్తాంలే అనుకునేవారు ఇంట్లో కూర్చుంటారు. తర్వాత ప్రచారం ఊపందుకోవడంతో ఈ నెల సర్వేలో దించొద్దన్నవారు 60 శాతానికి చేరారు. ఓటర్లందరి ఇళ్లకూ పోస్టల్ బ్యాలెట్లు వెళ్లాయి. వాటిని నింపి పంపిందెవరన్నదే ఫలితాన్ని తేల్చేది.

మనవాళ్ల సంగతేంటి?

శాన్‌హోజే, ఫ్రీమాంట్, సన్నీవేల్‌లో వేల తెలుగు కుటుంబాలున్నాయి. ఓటు మాత్రం అమెరికా పౌరసత్వం ఉన్నవారికే. హెచ్1బీ వీసా, గ్రీన్‌కార్డు ఉన్నవారికి లేదు. కానీ స్కూల్లో పిల్లలకు మాస్కు ఉండాలా, టీచర్లకు వ్యాక్సిన్ లేదా టెస్టు రూల్ కొనసాగాలా అన్నది ఓటు లేని ఇంటిపైనా ప్రభావం చూపేదే.

మన దగ్గర ఎమ్మెల్యేను, ఎంపీని రీకాల్ చేసే హక్కు లేదు. 1974 ఉద్యమంలో జయప్రకాశ్ నారాయణ్ ఈ డిమాండ్‌ను బలంగా వినిపించారు. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, హర్యానా లాంటి చోట్ల స్థానిక సంస్థల వరకే ఇది వచ్చింది. నచ్చని నేతను మధ్యలోనే దించే హక్కు మంచిదే అనిపిస్తుంది. కానీ దించడం ఎంత ముఖ్యమో, తర్వాత వచ్చేవారిని ఎంతమంది కోరుకున్నారన్నదీ అంతే ముఖ్యం. కాలిఫోర్నియా రూల్స్‌లో ఆ రెండో సగానికే గ్యారంటీ లేదు.

ఫలితం ఎప్పుడు?

పోలింగ్ అక్కడి టైమ్ ప్రకారం రాత్రి 8 గంటలకు ముగుస్తుంది. మనకు బుధవారం ఉదయం 8:30. ఆ వెంటనే తొలి ట్రెండ్స్ మొదలవుతాయి. పోరు హోరాహోరీగా ఉంటే మాత్రం రోజులు పట్టొచ్చు. ఇవాళ్టి తేదీ ముద్రతో పోస్టు చేసిన బ్యాలెట్లు వారంలోపు చేరినా లెక్కిస్తారు.