బొద్దుతనం, ఆరుబయలు ఆట

బిడ్డ బొద్దుగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టేనన్న నమ్మకం తెలుగు ఇళ్ళలో ఇంకా బలంగానే ఉండటం వల్ల, బాల్య స్థూలకాయం, అంటే ఆరోగ్యానికి చెరుపు చేసేంతగా ఒంట్లో కొవ్వు పేరుకోవడం, వైద్యుడు చెప్పేదాకా సమస్యగా తోచదు. కిలోల్లోని బరువును మీటర్లలోని ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే బీఎంఐ అనే సూచిక పిల్లల్లో ఎదుగుదలతో పాటు మారుతూ ఉంటుంది గనుక, దానిని అదే ఈడు ఆడపిల్లల లేదా మగపిల్లల ప్రమాణంతో పోల్చి చూడాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ళలోపు పిల్లల్లో అధిక బరువున్నవారు 2015-16లో 2.1 శాతం కాగా, 2019-21 నాటికి 3.4 శాతమయ్యారు. భారతీయ శిశువులు తక్కువ బరువుతో పుట్టినప్పటికీ వారిలో కండ తక్కువగా, కొవ్వు వాటా ఎక్కువగా ఉంటుందని పుణెలో చిత్తరంజన్ యాజ్ఞిక్ పరిశోధక బృందం గుర్తించింది కాబట్టి, సన్నని పిల్లలకు కొవ్వు వల్ల ముప్పు లేదని చెప్పడానికీ వీల్లేదు.

అయితే ఈ సమస్యకు విరుగుడు వెతుకుతూ ఆటను బరువు తగ్గించే మందుగా మాత్రమే చూడటం దాని విలువను తగ్గించడమే. గంటసేపు పరుగెత్తి ఖర్చుచేసిన శక్తిని చిప్స్ పొట్లం, శీతల పానీయం నిమిషాల్లో పూడ్చివేస్తాయి. తిండి మారనిదే బరువు అంతగా తగ్గదు. కాని కదిలే కండరం రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకోవడం వల్ల, ఆ చక్కెరను కణాల్లోకి చేర్చే ఇన్సులిన్ అనే హార్మోను మెరుగ్గా పనిచేస్తుంది. బరువు తగ్గకపోయినా ఈ మేలు దక్కుతుంది. తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి గెంతు ఎముకను గట్టిపరుస్తుంది. ఆరుబయట పగటి వెలుగులో గడిపే సమయం హ్రస్వదృష్టి, అంటే దూరపు వస్తువులు మసకగా కనిపించే దోషం, వచ్చే అవకాశాన్ని తగ్గిస్తుంది. 5 నుంచి 17 ఏళ్ళ వారికి రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుండగా, కాసేపు ఉరికి కాసేపు ఆగే కబడ్డీ, ఖోఖో, ఏడుపెంకులాటల్లో ఆ గంట పిల్లలకు తెలియకుండానే గడిచిపోతుంది.

ఇంతకూ ఆడుకునే చోటేది? 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రతి పాఠశాలకూ ఆటస్థలం ఉండాలన్నప్పటికీ, నగరాల్లో అపార్ట్‌మెంట్ల వంటి భవనాల్లో నడిచే బడులకు కొదవలేదు. వీధిలో ఆడనిద్దామంటే వాహనాల భయం. ఈ స్థితిలో పిల్లల బద్ధకాన్ని నిందించడం అన్యాయమే. అందులోనూ ఈడేరిన ఆడపిల్లను పెద్దదైందంటూ ఆట మాన్పించే ఇళ్ళలో, ఎముక వేగంగా బలపడవలసిన వయసే కూర్చోవడంలో గడుస్తుంది.