ఆదివారం కూరలో ఆలుగడ్డ లెక్క

నంగునూరులోనైనా, సిద్దిపేటలోనైనా ఇంటికి చుట్టాలొచ్చిన ఆదివారం మటన్‌ కూరలో నాలుగు ఆలుగడ్డలు పడితే కూర పెరుగుతుంది, సోర్వా చిక్కబడుతుంది. తప్పేం లేదు. కానీ మీ ఇంట్లో షుగర్‌ ఉన్న పెద్దవాళ్లుంటే ఒకటి గుర్తుంచుకోండి. ఆలుగడ్డ కూరగాయల లెక్కలోకి రాదు, అన్నం లెక్కలోకి వస్తుంది. ఉడికిన ఆలుగడ్డ 100 గ్రాముల్లో సుమారు 20 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. కూరలో ముక్కలు తిన్న మేరకు అన్నం తగ్గించాలి. జొన్నరొట్టె అయినా అంతే, రెండోది వద్దు.

అరకిలో మటన్‌కు రెండు ఆలుగడ్డలు చాలు. పైకి కనిపించే కొవ్వును కొట్టు దగ్గరే తీసేయించండి. మటన్‌ తనంతట తానే కొవ్వు వదులుతుంది కాబట్టి నూనె రెండు చెంచాలు మించొద్దు. మటన్‌ ముప్పావు వంతు ఉడికాకే ఆలుగడ్డల్ని పెద్ద ముక్కలుగా వేయండి, లేదంటే చెదిరిపోతాయి.

ఉప్పుతోనే అసలు చిక్కు. ఆలుగడ్డ దాన్ని పీల్చేసుకుంటుంది, మనం మళ్లీ వేస్తాం! ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజంతటికీ 5 గ్రాములలోపే, అంటే ఒక టీ చెంచాలోపే. బీపీ ఉన్నవారి పళ్లెంలో ఆ పూట పచ్చడి, అప్పడం పెట్టకండి.

కిడ్నీ జబ్బున్నవారి సంగతి వేరు. మటన్‌లో ప్రొటీన్‌, ఆలుగడ్డలో పొటాషియం ఎక్కువ. ముక్కల్ని విడిగా ఉడికించి, ఆ నీళ్లు పారబోసి కూరలో వేస్తే పొటాషియం కొంత తగ్గుతుంది. ఎంత తినొచ్చో మాత్రం డాక్టర్‌నే అడగండి.

మిగిలిన కూరను రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు బాగా మరిగించాకే వడ్డించండి.