ఆడినవాడే ఆడించగలడు
అమెరికా బల్లమీది ఆట కథ

బుర్రకథ దళంలో గుమ్మెట వాయించే వంతదారు ఏళ్ళ తరబడి కథకుడి పక్కన నిలబడతాడు. జనం ఎక్కడ నవ్వుతారో, ఎక్కడ ఆవులిస్తారో కనిపెడతాడు. ఆ తర్వాత తంబురా తన భుజాన పడితే తడబడడు. అమెరికాలో పుట్టి ఇప్పుడు అనేక దేశాల్లో ఆడుతున్న ఒక ఆట చరిత్ర చూసినా ఇదే కనిపిస్తుంది. ఆ ఆట పేరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'.

ఇది పులిజూదం, అష్టాచమ్మాల వంటిది కాదు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికుడు, ఒకరు దొంగ. ముఖానికి రంగు ఉండదు, వేషమంతా మాటల్లోనే. ఒక్కరు మాత్రం వేరుగా ఉంటారు. "ఎదురుగా పాడుబడ్డ కోట. తలుపు ఓరగా తెరిచి ఉంది. ఏం చేస్తారు?" అని అడిగేది ఆయనే. జవాబును బట్టి ఏం జరిగిందో చెప్పేదీ ఆయనే. సందేహం వస్తే పాచికలు వేయిస్తారు. ఇరవై ముఖాల పాచిక కూడా ఉంటుంది! ఆయన్ని గేమ్ మాస్టర్ అంటారు, మనం ఆట పెద్ద అనుకుందాం. ఆట పెద్దకు చేతకాకపోతే అందరికీ ఆ రాత్రి నిద్ర చెడటమే మిగులుతుంది.

చెడిందనుకున్న ఆట

1969లో మిన్నెసోటా రాష్ట్రంలో డేవిడ్ వెస్లీ అనే యువకుడు యుద్ధం ఆట ఒకటి ఏర్పాటు చేశాడు. బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత పట్నంలో ఒకరిని మేయరు, ఒకరిని బ్యాంకరు, ఇలా తలా ఒక పాత్ర ఇచ్చాడు. తీరా చూస్తే వాళ్ళు యుద్ధం సంగతి వదిలేసి మూలమూలలా చేరి మంతనాలు మొదలుపెట్టారు. ఆట చెడిందని వెస్లీ తలపట్టుకున్నాడు. ఆడినవాళ్ళు మాత్రం మళ్ళీ ఎప్పుడని వెంటపడ్డారు.

ఆ ఆటగాళ్ళలో డేవ్ ఆర్నెసన్ గడుసువాడు. తర్వాత ఒక ఆటలో అతనిది విప్లవ విద్యార్థి పాత్ర. తాను అమెరికా గూఢచారినని దొంగ కార్డులు చూపి తోటివారిని నమ్మించాడు. చివరకు డబ్బుతో హెలికాప్టరు ఎక్కి ఉడాయించాడు. ఆటగాడికి సందు దొరికితే ఏ పుస్తకంలోనూ రాయని పని చేస్తాడని అతను వినికిడిగా కాక స్వయంగా చేసి తెలుసుకున్నాడు. 1971లో 'బ్లాక్‌మూర్' పేరుతో తానే ఆట నడిపినప్పుడు ఈ అనుభవం అక్కరకొచ్చింది. కోట కింది సొరంగాల్లోకి ఆటగాళ్ళను దింపి, ఎటు పోవాలో వాళ్ళకే వదిలిపెట్టాడు.

చెప్పులు కుట్టిన చేయి

విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా చిన్న ఊరు. అక్కడ గ్యారీ గైగాక్స్‌కు ఇన్సూరెన్స్ కంపెనీలో ఉన్న ఉద్యోగం 1970లో పోయింది. ఇంటినిండా పిల్లలు. చెప్పులు, బూట్లు బాగుచేసి సంసారం ఈదాడు. యుద్ధం ఆటల నియమాలు రాయడంలో అప్పటికే చేయి తిరిగినవాడు. 1972లో ఆర్నెసన్ ఆ ఊరు వచ్చి బ్లాక్‌మూర్ ఆడించాడు. ఇన్ని నియమాలు రాసిన గైగాక్స్ ఆ రాత్రి మామూలు ఆటగాడై కూర్చోవడం గమనించదగ్గది. చీకటి సొరంగంలో మలుపు అవతల ఏముందో తెలియని భయం ఎట్లా ఉంటుందో అక్కడే అనుభవించాడు. దాన్ని కాగితాలు చదివి తెలుసుకోలేము.

తర్వాత 'గ్రేహాక్' పేరుతో తానూ ఒక కోట గీసి, ముందుగా సొంత పిల్లలు ఎర్నీ, ఎలీస్‌లనే అందులోకి దింపాడు. ఆర్నెసన్‌తో కలిసి తెచ్చిన నియమాలు 1974లో అచ్చయ్యాయి. తొలి ముద్రణ 1000 పెట్టెలు. పెట్టెకు మూడు చిన్న పుస్తకాలు, వెల 10 డాలర్లు. డబ్బు వచ్చాక స్నేహం చెడింది. 1979లో ఆర్నెసన్ కోర్టుకెక్కాడు, 1981లో రాజీ అయ్యారు. ఆట ఎవరి సొత్తన్న వాదం వారి అభిమానుల్లో ఇంకా ఉంది. గైగాక్స్ 2008లోను, ఆర్నెసన్ 2009లోను కన్నుమూశారు.

కుర్చీ మారితే

ఎప్పుడూ ఆడించేవాడికి తెలియనివి కొన్ని ఉంటాయి. తన వంతు కోసం అరగంట కాచుకున్న ఆటగాడి విసుగు ఒకటి. ఏ దారిన పోయినా ఆట పెద్ద తాను అనుకున్న చోటికే ఈడ్చుకుపోతుంటే పుట్టే ఉక్రోషం మరొకటి. అవతలి కుర్చీలో ఒక్క పూట కూర్చుంటే రెండూ తెలిసిపోతాయి. మరొకరు ఆడించే తీరులో మంచి కిటుకులు పట్టుకోవచ్చు, చేయకూడనివీ చూడవచ్చు. రెండోదే ఎక్కువ పనికొస్తుందేమో.

గ్రేహాక్‌లో ఆడిన కుర్రాళ్ళలో రాబ్ కుంట్జ్ ఒకడు. అప్పటికి ఇరవై ఏళ్ళు నిండలేదు. రోబిలార్ అనే యోధుడి పాత్రలో ఆ సొరంగాలన్నీ తిరిగాడు. రానురాను ఆటగాళ్ళు ఎక్కువై ఒక్కరివల్ల కాకపోతే గైగాక్స్ ఆ కుర్రాణ్ణే తోడు ఆట పెద్దగా పెట్టుకున్నాడు. అంతకుముందే, 1973లో, కుంట్జ్ నడిపిన వేరే ఆటలో గైగాక్స్ మోర్డెన్‌కైనెన్ అనే చిన్న మాంత్రికుడిగా చేరి, పాచికలు చేతపట్టి, ఆ కుర్రాడు ఏం చెబుతాడా అని ఎదురుచూస్తూ కూర్చున్నాడు.