స్క్రీన్ ఆగిపోయిందా? ‘పే’ బటన్ మళ్లీ నొక్కే ముందు ఇది చదవండి

సర్టిఫికెట్ ఫీజు కోసమో, కరెంటు బిల్లు కోసమో ఫోన్‌లో ‘పే’ నొక్కారు. చక్రం కాసేపు తిరిగి ఆగిపోయింది. ఎక్కడ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. డబ్బు కట్ అయిందా? దరఖాస్తు అందిందా? అసలు అప్పుడు లోపల ఏం జరుగుతుంది?

స్క్రీన్ ఎందుకు బిగుసుకుపోతుంది?

హైదరాబాద్-విజయవాడ 65వ జాతీయ రహదారిపై జగ్గయ్యపేట దగ్గరున్న గరికపాడును గుర్తు తెచ్చుకోండి. 2020 లాక్‌డౌన్‌లో తెలంగాణ నుంచి వచ్చేవారి పాసులను అక్కడి చెక్‌పోస్టులో తనిఖీ చేశారు. ఇలాంటి చోట ఒకే వరుసలో బండిని ఆపి కాగితాలు చూస్తే, వెనకున్న అంబులెన్స్ కూడా ఆగాల్సిందే. ఆ బండిని పక్కకు తీయిస్తే దారి నడుస్తుంది.

యాప్‌లోనూ అంతే. స్క్రీన్‌ను గీయడం, మీరు నొక్కితే స్పందించడం రెండూ ‘మెయిన్ థ్రెడ్’ అనే ఒకే వరుసలో జరుగుతాయి. స్క్రీన్ సెకనుకు 60 సార్లు మారాలంటే ఒక్కోసారికి దొరికేది దాదాపు 16 మిల్లీసెకన్లే. ఫొటో సైజు తగ్గించడం, పెద్ద ఫైలు చదవడం లాంటి పనులనూ అదే వరుసలో పెడితే అంతా ఆగిపోతుంది. ఆండ్రాయిడ్‌లో 5 సెకన్లపాటు స్పందన లేకపోతే ‘యాప్ స్పందించడం లేదు’ అనే హెచ్చరిక వస్తుంది.

మంచి యాప్ ఏం చేస్తుంది?

బరువైన పనిని పక్క థ్రెడ్‌కు అప్పగిస్తుంది. ఎంత పని అయిందో చూపిస్తుంది. ఒకసారి నొక్కిన ‘పే’ బటన్‌ను మళ్లీ నొక్కనివ్వదు. దరఖాస్తు నంబర్ వెంటనే ఇచ్చి, ఫలితాన్ని తర్వాత మెసేజ్‌లో పంపుతుంది. సర్వర్ నెమ్మదిగా ఉన్నా మీ స్క్రీన్ మాత్రం ఆగదు. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రారంభించిన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవలో ఉన్న సౌకర్యం ఇదే: జవాబు మెసేజ్‌గా వస్తుంది కాబట్టి, దాని కోసం స్క్రీన్ వంకే చూస్తూ కూర్చోనక్కర్లేదు.

మీరేం చేయాలి?

ముందుగా ఒక్క విషయం గుర్తుంచుకోండి. యాప్ మూసేసినంత మాత్రాన సర్వర్‌కు చేరిన పని రద్దు కాదు. అందుకే మళ్లీ ‘పే’ నొక్కితే రెండోసారి డబ్బు కట్ కావచ్చు.

• బ్యాంకు ఎస్ఎంఎస్, యూపీఐ యాప్‌లో హిస్టరీ చూడండి. లావాదేవీ నంబర్ రాసుకోండి.
• ‘పెండింగ్’ అని ఉంటే ఆగండి. ఆర్‌బీఐ 2019 నిబంధనల ప్రకారం యూపీఐలో ఒక వ్యక్తికి పంపిన డబ్బు జమ కాకపోతే మర్నాటికల్లా, వ్యాపారికి చెల్లింపు నిర్ధారణ అందకపోతే 5 రోజుల్లో వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు రూ.100 పరిహారం ఇవ్వాలి.
• రెండు చెల్లింపులూ విజయవంతమైతే ఈ నిబంధన వర్తించదు. డబ్బు అందుకున్న సంస్థనే రెండు లావాదేవీ నంబర్లతో రీఫండ్ అడగాలి.
• మీ బ్యాంకు 30 రోజుల్లో ఫిర్యాదు పరిష్కరించకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. సమాచారానికి 14448.