పీక మార్చకుండా గొంతు మార్చే సాక్సోఫోన్!

వాన రాత్రి. గదిలో నెగడు. ఎర్రటి వెలుగులో రాజేష్ ఖన్నా, షర్మిలా టాగోర్. కెమెరా ఎక్కడా కట్ కాకుండా వాళ్లనే పట్టుకుని తిరుగుతోంది. 1969లో వచ్చిన 'ఆరాధన'లోని ఆ పాట మీకు గుర్తు లేదంటే మేం నమ్మం! కిశోర్ కుమార్ గొంతు వెనకాల, వేడిగా, కాస్త బొంగురుగా, చెవి దగ్గరకొచ్చి ఊపిరి వదిలినట్టు పలికే వాద్యం ఒకటుంది చూశారూ... అదే సాక్సోఫోన్. వాయించినవారు మనోహరీ సింగ్.

ఇప్పుడు నాలుగేళ్లు వెనక్కి రండి. 1965. 'గైడ్'లో కిశోర్, లత పాడిన యుగళగీతం. అక్కడా మనోహరీ సింగ్ సాక్సోఫోనే! కానీ ఆ వగలు లేవు, ఆ బరువు లేదు. పొద్దున్నే షికారుకు బయల్దేరిన కుర్రాడిలా తేలిగ్గా, హుషారుగా సాగిపోతుంది.

వాద్యం ఒకటే. గొంతులు రెండు. ఇదెలా సాధ్యం?

"ఏముందీ, మౌత్‌పీస్ మార్చేస్తే సరి" అంటాడు కొత్తగా నేర్చుకునే ప్రతి కుర్రాడూ. అక్కడే వస్తుంది చిక్కు. పేరున్న విదేశీ మౌత్‌పీస్‌లలో ముప్ఫై వేల రూపాయలు దాటేవి కూడా ఉన్నాయి. పొద్దున పెళ్లి ఊరేగింపులో డప్పులతో పోటీపడి వాయించి, రాత్రికి మ్యూజికల్ నైట్‌లో మెలోడీ పాటకు మెత్తగా వాయించాల్సిన మన బ్యాండు కుర్రాడి సంగతేమిటి? అతని దగ్గరున్నది ఒక్కటే సాక్సు, ఒక్కటే మౌత్‌పీస్.

అతనికి మేం చెప్పేది శుభవార్తే. నీకు కావలసిన గొంతుల్లో చాలావరకు నీ నోట్లోనే ఉన్నాయి నాయనా!

ఏమిటీ పీక?

సాక్సోఫోన్‌ను 1846లో పారిస్‌లో పేటెంటు చేసుకున్నవాడు అడాల్ఫ్ సాక్స్ అనే బెల్జియం దేశస్థుడు. ఒళ్లంతా ఇత్తడే అయినా దీన్ని ఇత్తడి వాద్యాల్లో కాక, క్లారినెట్ కుటుంబంలో చేరుస్తారు. ఎందుకంటే ధ్వని పుట్టేది ఇత్తడిలో కాదు, మౌత్‌పీస్‌కు బిగించిన చిన్న రెల్లు బద్దలో. దాన్నే రీడు అంటారు. సన్నాయికి పీక ఎలాగో, దీనికి రీడూ మౌత్‌పీసూ కలిసి అలాగన్నమాట. ఊదితే రీడు అదురుతుంది. ఆ అదురుకు గొట్టంలోని గాలి పలుకుతుంది.

అయితే గాలి గొట్టంలోనే లేదు కదా! రీడుకు ఇవతల, వాయించేవాడి నోరూ గొంతూ కూడా గాలితో నిండిన గొట్టమే. ఆ గొట్టం ఆకారం మారితే వాద్యం పలుకు మారుతుంది. ఇదేదో గురువులు చెప్పే నమ్మకం కాదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వాయిస్తుండగానే నోటిలోపలి పరిస్థితిని కొలిచి 2008లో ఫలితాలు ప్రకటించారు. బాగా పై స్థాయి స్వరాలు వాయించేటప్పుడు, చేయి తిరిగినవాళ్లు తమ గొంతును ఆ స్వరానికి తగినట్టు శ్రుతి చేసుకుంటున్నారట. కొత్తవాళ్లకు అది చేతకాలేదు, ఆ స్వరాలూ పలకలేదు.

అంటే అసలు పీక వాయించేవాడి పీకలోనే ఉందన్నమాట!

మన బాలుగారినే తీసుకోండి. 1946లో పుట్టి 2020లో మనల్ని విడిచివెళ్లిన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఎన్టీఆర్‌కు పాడితే ఒక తీరు, అల్లు రామలింగయ్యకు పాడితే ఇంకో తీరు. నటుణ్ణి బట్టి ఆయన మైకు మార్చారా? గొంతు మార్చి అతికించుకున్నారా? నోటిలోపల సర్దుకున్నారు, అంతే. సాక్సోఫోన్‌లో జరిగేదీ అదే.

అచ్చుల్లో ఉంది కిటుకు

తెలుగువాడికి ఇది అర్థం కావడం చాలా తేలిక. "ఈ" అనండి. నాలుక పైకి లేచి దారి సన్నబడుతుంది. ఇప్పుడు "ఓ" అనండి. నాలుక కిందికి దిగి నోరు గుల్ల అవుతుంది. మౌత్‌పీస్ నోట్లో ఉండగా నాలుకను "ఈ" తీరులో పెట్టి గాలి వేగంగా వదిలితే ధ్వని పదునుగా, మెరుపుగా వస్తుంది. ఊరేగింపుకు పనికొచ్చేది ఇదే. "ఓ" తీరులో పెట్టి ఊదితే అదే స్వరం గుండ్రంగా, ముదురు రంగులో వస్తుంది. స్వరం మారలేదు, వేళ్లు కదల్లేదు. రంగు మారింది!

ఇక 'ఆరాధన' తరహా వేడి సంగతి. ఊపిరి కలిసిన మెత్తటి మంద్ర ధ్వనిని సబ్‌టోన్ అంటారు. కింది దవడను కొంచెం వదులు చేసి వెనక్కి లాగాలి. అప్పుడు పెదవి మెత్తటి భాగం రీడు మీద ఎక్కువగా ఆని, ధ్వనిలోని పదునును మింగేస్తుంది. గాలి నెమ్మదిగా పోవాలి, కానీ కడుపులోంచి ఆసరా తగ్గకూడదు. తగ్గిందా, శ్రుతి కిందికి జారిపోతుంది! ఇది దూరానికి వినిపించే ధ్వని కాదు. మైకుకు దగ్గరగా జరిగి వాయించాలి.

క్లబ్బు పాటల్లో కవ్వింపుగా గరగరలాడే ధ్వని ఉంటుంది కదా, దానికి ఉపాయం ఇంకా తమాషాగా ఉంటుంది. ఊదుతూనే గొంతులో "ఊఁ" అని కూనిరాగం తీయాలి. గొంతు నాదం, రీడు నాదం ఒకదానితో ఒకటి గుద్దుకుని ఆ గరగర పుడుతుంది. లేదా నాలుక కొసతో "ర్ర్ర్ర్" అని ఆడించాలి. మన భాషలో రకారానికి కొదవేముంది! అయితే రెండూ ఉప్పు లాంటివి. కాస్త వేస్తే రుచి, ఎక్కువైతే గొంతు నొప్పి.

స్వరం మొదలుపెట్టే తీరు కూడా రంగే. నాలుకతో "త" అంటే గట్టిగా తెగుతుంది. "ద" అంటే మెత్తగా వాలుతుంది. నాలుక తగలకుండా "హ" అంటే నిట్టూర్పులా మొదలవుతుంది.

ప్లాస్టిక్ వాద్యం... పసిడి గొంతు

1953 మే 15. కెనడాలోని టొరంటో నగరం, మాసీ హాల్. జాజ్ మహామహులు డిజ్జీ గిలెస్పీ, బడ్ పవెల్, చార్లెస్ మింగస్, మాక్స్ రోచ్ వేదిక మీద ఉన్నారు. వాళ్లతో చార్లీ పార్కర్. ఆయన చేతిలో ఉన్నది ఇత్తడి సాక్సు కాదు, గ్రాఫ్టన్ అనే ప్లాస్టిక్ సాక్సు! ఆ కచేరీ రికార్డు ఇవాళ్టికీ దొరుకుతుంది. కళ్లు మూసుకుని వినండి. ప్లాస్టిక్ వినిపించదు. పార్కర్ వినిపిస్తాడు.

మన వైపుకు వస్తే కద్రి గోపాల్‌నాథ్ ఉండనే ఉన్నారు (1949–2019). నాదస్వర విద్వాంసుడి కొడుకు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ విని మనసు పారేసుకున్నారు. కీలు నొక్కితే మెట్టు మెట్టుగా పలికే వాద్యం మీద కర్ణాటక సంగీతం వాయించడమంటే మాటలా? మెట్టుకూ మెట్టుకూ మధ్య జారాలి, ఊగాలి. ఆ గమకాలు కీలతోనే రావు. పెదవీ, గొంతూ, గాలీ కలిసి పలికించాలి. ఆయన సాధించారు. 1994లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో బీబీసీ ప్రామ్స్ వేదిక మీద వాయించారు. అదే ఏడాది కె. బాలచందర్ తీసిన తమిళ చిత్రం 'డ్యూయెట్'లో, ఏ.ఆర్. రెహమాన్ సంగీతంలో, తెర మీద ప్రభు పట్టుకున్న సాక్సోఫోన్‌కు ప్రాణం పోసిందీ ఆయన ఊపిరే.

రోజుకో అరగంట

మరి సాధన ఎలా? మొదటిది, మౌత్‌పీస్‌ను వాద్యం నుంచి ఊడదీసి, దాన్నొక్కదాన్నే ఊదడం. నొక్కడానికి కీలుండవు. గొంతు, నాలుక సర్దుకుంటూనే ఒక్కొక్క స్వరం కిందికి దిగాలి. మొదట్లో పిల్లల బూరలా ఉంటుంది. ఇంట్లోవాళ్లు తలుపులేసుకుంటారు. ఓర్చుకోవాలి!

రెండోది, వాద్యంలో అన్నిటికన్నా కింది స్వరానికి కీలన్నీ మూసి పట్టుకోవడం. దాన్ని షడ్జమం అనుకోండి. వేళ్లు కదపకుండా పై షడ్జమం పలికించాలి. ఆపైన పంచమం. ఆపైన మరో షడ్జమం. ఆపైన గాంధారం. సిగర్డ్ రాషర్ అనే విద్వాంసుడు 1941లోనే ఈ సాధన మీద ఏకంగా పుస్తకం రాశాడు. ఇది పట్టుబడితే గొంతు ఎటు సర్దితే ధ్వని ఎటు పోతుందో చెవికి తెలిసిపోతుంది.

అలాగని మౌత్‌పీస్ దండగని కాదు సుమండీ! లోపలి గది విశాలంగా ఉంటే ధ్వని మెత్తన, లోపలి పైకప్పు రీడుకు దగ్గరగా ఉంటే పదును. బాగా పదునైనదాన్ని పెట్టుకుని మెత్తదనం తీయాలంటే ఎదురీతే. మరీ గట్టి రీడుతో సబ్‌టోన్ మొండికేస్తుంది. అందుకే ఒక్కదానితోనే అన్నీ వాయించాలనుకునేవాడు అన్నిటా మధ్యరకం ఎంచుకోవాలి. మధ్యరకం మౌత్‌పీస్, మధ్యరకం రీడు. అటూ ఇటూ లాగడానికి చోటుంటుంది.

అసలు పోటీ ఎవరితో?

ఒకప్పుడు మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో వాద్యబృందమంతా ఒకేసారి కూర్చుని వాయించేది. ఎవరు తప్పినా మళ్లీ మొదటినుంచీ టేకు! తర్వాత కీబోర్డులు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి. ఇవాళ మీట నొక్కితే సాక్సోఫోన్ పలుకుతుంది. ఒకే రంగులో వాయించే మనిషికి బదులు ఆ మీట చాలు. ఇది చేదు నిజం.

కానీ చరణం మధ్యలో నాయిక కన్నీరు పెట్టగానే, మొదట్లో హుషారుగా పలికిన గొంతే ఒక్క ఊపిరిలో గద్గదమైపోవాలంటే? సంగీత దర్శకుడు "ఇంకాస్త బాధగా..." అనగానే మరుక్షణం మారిపోవాలంటే? అందుకు ఎదురుగా మనిషి ఉండాలి. ఆ మనిషికి పది గొంతులుండాలి.

కనుక తమ్ముడూ, మౌత్‌పీస్ కోసం అప్పు చేసే ముందు ఒక్క ఏడాది ఆగు. రోజూ "ఈ", "ఓ" దిద్దు. అప్పటికీ కొత్తది కావాలనిపిస్తే తప్పకుండా కొనుక్కో. ఎందుకు కొంటున్నావో అప్పుడు నీ చెవే చెబుతుంది. పీక బజార్లో దొరుకుతుంది. గొంతు మాత్రం నువ్వే తయారు చేసుకోవాలి!