చట్టం చెక్కిన మిషన్

చిన్నకోడూరు ఓటరు సిద్దిపేట ఎమ్మెల్యేను ఎన్నుకోవడానికి నీలం బటన్ నొక్కుతాడు. సర్పంచి ఎన్నికల రోజున మాత్రం గులాబీ బ్యాలెట్, వార్డు సభ్యుడికి తెల్ల బ్యాలెట్ చేతికిస్తారు. ముద్ర వేసి, మడిచి పెట్టెలో వేస్తాడు. ఊరు అదే, ఓటరూ అతడే. ఒకదానికి మిషన్ ఉండి రెండోదానికి లేకపోవడానికి కారణం ఇంజినీర్ల చేతిలో లేదు. అసెంబ్లీ ఎన్నికను 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం కింద కేంద్ర ఎన్నికల సంఘం జరుపుతుంది, పంచాయతీ ఎన్నికను 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం కింద రాష్ట్ర ఎన్నికల సంఘం జరుపుతుంది. ఈవీఎం పుట్టినప్పటి నుంచీ ఇదే వరస: దాని నడకను ప్రయోగశాల కన్నా చట్టం, తీర్పులు, పోలింగ్ గదిలోని పద్ధతులే ఎక్కువగా నిర్ణయించాయి.

1977లో ఎన్నికల సంఘం ఈ మిషన్ పనిని హైదరాబాద్‌లోని ఈసీఐఎల్‌కు అప్పగించింది. తర్వాత బెంగళూరు బీఈఎల్ తోడైంది. 1982 మేలో కేరళలోని పరవూరులో 50 పోలింగ్ కేంద్రాల్లో తొలిసారి వాడారు. సీపీఐ అభ్యర్థి శివన్ పిళ్లై 123 ఓట్లతో గెలిచారు. తమాషా ఏమిటంటే, మిషన్ వద్దని ఎన్నికకు ముందే కోర్టుకెక్కింది ఆయనే. ఫలితం వచ్చాక ఓడిపోయిన కాంగ్రెస్ అభ్యర్థి ఎ.సి.జోస్ వంతు వచ్చింది. 1984లో సుప్రీంకోర్టు ఆ 50 చోట్లా రీపోలింగ్ జరపమంది. మిషన్ తప్పు లెక్కపెట్టిందని అనలేదు, చట్టంలో దానికి చోటు లేదంది. కాగితాలతో రీపోలింగ్ జరిగితే జోస్ గెలిచారు. పార్లమెంటు 1988 డిసెంబరులో 61ఏ సెక్షన్ చేర్చి, అది 1989 మార్చి 15న అమల్లోకి వచ్చేదాకా మిషన్ మూలన పడింది. 2004కు గానీ అన్ని లోక్‌సభ స్థానాలకూ చేరలేదు.

అభ్యర్థులు పెరిగినప్పుడూ అంతే. 1996లో నల్లగొండ లోక్‌సభకు 480 మంది నిలబడితే బ్యాలెట్ పుస్తకమంత అయింది; ఆ ఏడాదే చట్టం సవరించి డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. అయినా 2019లో నిజామాబాద్ రైతులు గిట్టుబాటు ధర కోసం వరసగా నామినేషన్లు వేశారు. నోటా కాక 185 మంది బరిలో మిగిలారు. పాత మిషన్ 64 పేర్లకు మించి మోయలేదు. కొత్త తరం ఎం3 తెచ్చి, ఒక్కో కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు కలిపి, పోలింగ్ వేళలు కూడా మార్చాల్సి వచ్చింది.

2013లో నిబంధనలు సవరించి వీవీప్యాట్ తెచ్చారు. దాంతో ఓటరుకు ఏడు సెకన్లు చీటీ కనబడుతుంది. పోలింగ్ సిబ్బందికి మాత్రం పొద్దున్నే పని పెరిగింది. పోలింగ్‌కు ముందు ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ జరపాలి. కంట్రోల్ యూనిట్‌లో ఫలితం చూసి, చీటీలతో సరిపోల్చి, క్లియర్ నొక్కాలి. చీటీలన్నీ బయటికి తీసి, వెనక ముద్ర కొట్టి, నల్ల కవర్లో పెట్టి సీలు వేయాలి. హడావుడిలో క్లియర్ నొక్కడం మరిచారా, ఆ ఉత్తుత్తి ఓట్లు అసలు ఓట్లలో కలుస్తాయి. చిప్ ఎంత నిక్కచ్చిగా పనిచేసినా ఆ కేంద్రం లెక్క చిక్కులో పడినట్టే.

ఇంత తతంగం దేనికి, బ్యాలెట్‌కే పోదాం అనేవారున్నారు. కాగితం మాత్రం పద్ధతి లేకుండా నడుస్తుందా? బ్యాలెట్ పుస్తకాల లెక్క, పెట్టె సీలు, లెక్కింపు బల్ల దగ్గర కాపలా దానికీ తప్పవు. ఇంతకన్నా బలమైన అభ్యంతరం వేరే ఉంది: ఒక అసెంబ్లీ సెగ్మెంటులో ఐదు వీవీప్యాట్ల చీటీలే లెక్కిస్తారు, మిగతావాటి సంగతేమిటి? 2019లో ఆ ఐదుకు పెంచింది సుప్రీంకోర్టే. 2024 ఏప్రిల్ 26న మొత్తం లెక్కింపు కుదరదంటూనే, గుర్తులు ఎక్కించే యూనిట్లను ఫలితం తర్వాత 45 రోజులు భద్రపరచాలని, రెండు, మూడు స్థానాల్లో వచ్చినవారు కోరితే 5 శాతం ఈవీఎంల మెమరీని తనిఖీ చేయాలని చెప్పింది. అభ్యంతరంలో సగం పస ఉందనే అనుకుంటాను. ఐదు మచ్చు తీస్తే విస్తృతమైన మోసం బయటపడొచ్చు, ఒక్క గదిలో జరిగిన పొరపాటు తప్పించుకోవచ్చు. ఆ పొరపాటును పట్టేది 17సీ ఫారం. పోలింగ్ ముగిశాక ఎన్ని ఓట్లు పడ్డాయో రాసి ప్రిసైడింగ్ అధికారి ఏజెంట్లకు నకలు ఇవ్వాలి. లెక్కింపు రోజున మిషన్ చూపే మొత్తాన్ని ఆ అంకెతోనే పోల్చుకోవచ్చు.